పొట్టి వెస్టు సంగతి: మగాళ్ల బట్టల్లో నడుము ఎక్కడ మొదలవుతుంది?

నడుము దగ్గరే ఆగిపోయే పొట్టి వెస్టు (వెస్టంటే ఇక్కడ చేతుల్లేని పైబట్ట), చొక్కా మీద వేసే చేతుల్లేని కోటు, దారంతో అల్లిన స్వెటర్ వెస్టు, భుజాలు కనిపించే సాండో రకం టీషర్టు. ఇవన్నీ మగపిల్లల ఫోన్లలోంచి మెల్లగా నెల్లూరు ట్రంకు రోడ్డు మీదికి, ఒంగోలు కర్నూలు రోడ్డు మీదికి దిగుతున్నాయి. వాటితో పాటే ఇళ్లలో ఒక వాదన కూడా మొదలైంది. "ఏందబ్బయా, బనీను మీద బజారుకి బయల్దేరావా?" అని నాయన అడుగుతాడు. "చిన్నప్పటి చొక్కా ఏసుకున్నావేందిరా?" అని నాయనమ్మ. "ఈ ఎండకి ఒకటి చాలక ఇంకోటా?" అని అమ్మ.

ముగ్గురూ ఒకే బట్టను చూసి మాట్లాడుతున్నా ముగ్గురి ప్రశ్నలూ వేరు. నాయన అడిగేది ఇది లోపలి బట్టా, బయటి బట్టా అని. నాయనమ్మ అనుమానం పొడవు మీద. అమ్మ బాధ ఎండ గురించి. మూడూ న్యాయమైన ప్రశ్నలే, మూడింటికీ జవాబులున్నాయి. కానీ వాటిని కలిపేసి "మగవాడు ఇలాంటివి వేసుకోవచ్చా, కూడదా" అని ఒకే ప్రశ్న చేసేస్తే ఇంట్లో టెన్షన్ మిగులుతుంది తప్ప ఏమీ తేలదు. నా మాట ముందే చెప్పేస్తాను. వెస్టు ఎంత పొడవుండాలో తేల్చేది కింద వేసుకున్న ప్యాంటు లేదా కట్టుకున్న పంచె. అది నడుము మీద ఎక్కడ కూర్చుంటుందో చూస్తే పొడవు దానంతట అదే తెలిసిపోతుంది. మిగతా రెండు ప్రశ్నలూ గుడ్డకీ, చంక కోతకీ సంబంధించినవి.

నాయనమ్మ ప్రశ్న

బట్టల చరిత్రలో ఫలానా నెలలో ఫలానా దుస్తు మొదలైందని చెప్పగలగడం అరుదు. వెస్టు విషయంలో చెప్పగలం. 1666 అక్టోబరులో ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్ తన కొలువులో ఇకమీదట వెస్టు వేసుకుంటానని ప్రకటించాడు. ఆ సంగతి శామ్యూల్ పెపిస్ తన డైరీలో రాసుకున్నాడు. అదే నెలలో జాన్ ఈవ్లిన్ అనే మరో డైరీ రచయిత ఆ వేషాన్ని పర్షియా పద్ధతి అన్నాడు. అంటే ఇప్పుడు మనం పాశ్చాత్యం అనుకునే ఈ బట్టకు మొదట్లో స్ఫూర్తి తూర్పు నుంచి వెళ్లింది.

అప్పటి వెస్టు పొట్టిది కాదు. మోకాళ్ల దాకా ఉండేది, చాలావాటికి చేతులు కూడా ఉండేవి. తర్వాతి నూరేళ్ల పైచిలుకు కాలంలో చేతులు పోయాయి, అంచు పైకి జరుగుతూ వచ్చింది. 18వ శతాబ్దం చివరికల్లా నడుము దగ్గర ఆగింది. పై కోటు ముందు భాగాన్ని కోసి వెనక్కి మళ్లించడంతో లోపలున్న వెస్టూ, దాని కింద ప్యాంటు మొదలయ్యే చోటూ అందరికీ కనబడసాగాయి. అలా కనిపించే చోట బట్ట వేలాడుతుంటే బాగుండదు కాబట్టి అంచును సరిగ్గా ప్యాంటు పట్టీ మీదికి తెచ్చారు.

ఆ ప్యాంట్లు ఎక్కడ కూర్చునేవో గమనిస్తే మిగతా కథ అర్థమవుతుంది. అప్పట్లో ప్యాంటును బెల్టుతో బిగించేవాళ్లు కాదు. భుజాల మీదుగా పట్టీలు వేసి పైకి లాగి పట్టేవాళ్లు. లండన్‌లో ఆల్బర్ట్ థర్స్టన్ 1820లో ఈ పట్టీల వ్యాపారం మొదలుపెట్టాడు, ఆ పేరుతో పట్టీలు ఇప్పటికీ వస్తున్నాయి. అలా లాగి కట్టిన ప్యాంటు బొడ్డు దగ్గరో, ఇంకా పైనో కూర్చుంటుంది. దాని మీద వెస్టు ఓ అంగుళం కప్పితే చాలు, పట్టీల గుండీలూ చొక్కా ముడతలూ లోపల దాగిపోతాయి. చొక్కాకూ ప్యాంటుకూ మధ్య అతుకును మూసేయడమే వెస్టు పని. పొట్టిగా ఉండటం దాని సహజ లక్షణం.

తర్వాత ప్యాంటు కిందికి దిగింది. జాకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ రాగి మేకులు కొట్టిన పని ప్యాంటుకు 1873లో పేటెంటు తీసుకున్నారు. దానికి బెల్టు పెట్టుకునే లూపులు 1922లో వచ్చాయి. బెల్టు వచ్చాక ప్యాంటును భుజాల నుంచి వేలాడదీయాల్సిన అవసరం పోయింది, తుంటి ఎముక మీద ఆనించి బిగిస్తే సరిపోయేది. అలా దశాబ్దాల పాటు దిగుతూ దిగుతూ 2000 ప్రాంతానికి లో వెయిస్టు జీన్సు దాకా వచ్చింది. బొడ్డు దగ్గర కూర్చునే ప్యాంటుకీ, లో వెయిస్టు జీన్సుకీ మధ్య తేడా మామూలు ఎత్తున్న మనిషికి మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది. ఆ మూడు నాలుగు అంగుళాలే అసలు గొడవ. పాత కొలతల వెస్టు తెచ్చి కొత్త జీన్సు మీద వేస్తే మధ్యలో చొక్కా ఉబ్బుకుని బయటికి వచ్చింది. దాంతో రెడీమేడ్ వెస్టులను కిందికి పెంచారు. మనం పుట్టి పెరిగిన కాలంలో చూసినవి ఎక్కువగా అలా పెంచినవే కాబట్టి, మన కంటికి అదే సరైన పొడవు అయిపోయింది.

ఇప్పుడు ప్యాంటు మళ్లీ పైకెక్కింది. ముందు ప్లీట్లు అనే మడతలు, వెడల్పు కాళ్లు, బొడ్డు దగ్గర పట్టీ. ఇలాంటి ప్యాంటు మీద తుంటి దాకా వచ్చే వెస్టో టీషర్టో వేసి చూడండి. పైభాగం పొడవైపోయి కాళ్లు కురచగా కనిపిస్తాయి. ఐదడుగుల ఐదారు అంగుళాల ఎత్తున్న మన మామూలు మగవాళ్లకు ఇది మరీ నష్టం. అదే వెస్టు అంచును ప్యాంటు పట్టీ మీదికి తెస్తే కాళ్లు పొడవుగా కనిపిస్తాయి, మనిషి నిటారుగా ఉన్నట్టుంటాడు. కాబట్టి నాయనమ్మకి చెప్పాల్సిన జవాబు ఇది: చొక్కా చిన్నదవలేదు, ప్యాంటు పైకొచ్చింది. తాతయ్య కాలపు ఫోటోలు ఆమె దగ్గర ఉంటే తీయించండి. అందులో ప్యాంటు ఎక్కడిదాకా ఉందో ఆమే చూపిస్తుంది.

ప్యాంటు దాకా ఎందుకు, మన పంచెనే చూద్దాం. పంచె కట్టేది బొడ్డు దగ్గర, కుచ్చిళ్లు దోపేదీ అక్కడే. దక్షిణాది గుళ్లలో పురుష శిల్పాలకు బొడ్డుకు పైన ఒక పట్టీ కనిపిస్తుంది, దాన్ని ఉదరబంధం అంటారు. మన శిల్పులు మగవాడి నడుమును తుంటి దగ్గర కాకుండా అంత పైన గుర్తించారు. ఆ లెక్కన పంచె పక్కా హై వెయిస్టు వస్త్రం. పెళ్లిళ్లలో పంచె మీద తొడ దాకా దిగే కోటు వేసుకుంటే కుచ్చిళ్ల ఉబ్బు మీద ఆ కోటు ముందుకు తన్నుకొచ్చి, పొట్ట లేనివాళ్లకు కూడా పొట్ట ఉన్నట్టు కనిపిస్తుంది. దోపు దగ్గర ఆగే పొట్టి వెస్టుకు ఆ సమస్య లేదు. కుచ్చిళ్లు దాని కింది నుంచి నేరుగా జారతాయి, అంచు జరీ పూర్తిగా కనిపిస్తుంది. పంచెతో పొట్టి వెస్టు జతకుదిరినంతగా జీన్సుతో కూడా కుదరదని నేను గట్టిగా నమ్ముతాను. మన పెళ్లికొడుకులు దీన్ని ఇంకా సరిగా వాడుకోవడం లేదనిపిస్తుంది.

ఇక్కడే నెహ్రూ కోటు సంగతీ చెప్పుకోవాలి. మెడను మూసే బంద్‌గలా కాలరుతో, తుంటి దాకా ఉండే ఆ చేతుల్లేని కోటు అచ్కన్, షేర్వానీ లాంటి పొడుగు కోట్ల కుటుంబానికి చెందింది. రంజాన్‌కి కుర్తా మీద వేసే సద్రీ అనే చేతుల్లేని కోటు దానికి దగ్గరి చుట్టం. వీటి కింద ఉండేది పొడవాటి కుర్తా. నడుము అసలు కనిపించదు, అతుకు మూయాల్సిన పనే లేదు. అందుకే అవి పొడవుగా ఉన్నా అందం. అదే కోటును టక్ చేసిన చొక్కా, ప్యాంటు మీద వేస్తే ఎందుకు కుదరడం లేదో చాలామందికి అర్థం కాదు. కోటులో లోపం లేదు, అది కుర్తా కోసం కొలిచిన కోటు. చొక్కా ప్యాంటు మీద వేయాలంటే మూడు అంగుళాలన్నా కురచగా కుట్టించాలి, లేదా చొక్కాని బయటికి వదిలేయాలి.

పొట్టి వెస్టు పేరు చెప్పగానే కొందరికి పొట్ట కనిపించే టీషర్టు గుర్తొస్తుంది. దాని వంశం వేరే. 1970లు, 80ల్లో అమెరికా జిమ్ముల్లో, ఫుట్‌బాల్ మైదానాల్లో మగవాళ్లు తమ టీషర్టుల, జెర్సీల కింది భాగం కత్తిరించి వేసుకునేవాళ్లు. గాలి ఆడుతుంది, కండ కనిపిస్తుంది. ప్రిన్స్ లాంటి గాయకులు దాన్ని వేదిక మీదికి తీసుకెళ్లారు. మగతనాన్ని చాటుకోవడానికి వేసిన ఆ బట్టే తర్వాతి తరంలో ఆడవాళ్ల బట్టగా ముద్రపడింది. అంటే ఏది మగ బట్ట, ఏది ఆడ బట్ట అన్న గీత మన కళ్ల ముందే జరుగుతూ ఉంది. ఒకరు ఒంటి మీద చర్మం చూపించాలనుకుంటే అది వాళ్ల ఇష్టం. చొక్కా మీద వేసే పొట్టి వెస్టులో మాత్రం ఒక్క అంగుళం చర్మం కూడా కనిపించదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం వాదనలు పుడుతున్నాయి.

నాయన ప్రశ్న

బనీను బయట వేసుకోవడం తప్పని నాయన అంటే, ఆయన వేసుకున్న టీషర్టు గురించి ఒక మాట చెప్పాలి. టీషర్టు పుట్టిందే లోపలి బట్టగా. అమెరికా నౌకాదళం 1913 నుంచి తన నావికులకు యూనిఫాం కింద వేసుకోవడానికి ఇచ్చిన తెల్ల బనీనే తర్వాత ప్రపంచమంతా బయటికి వేసుకునే బట్ట అయింది. లోపలిది బయటికి రావడం బట్టల్లో మామూలుగా జరిగే ప్రయాణం. 1666 నాటి వెస్టు కూడా పై కోటు కింద దాగి ఉన్నదే.

మన సాండో బనీనుకు ఆ పేరు యూజెన్ సాండో నుంచి వచ్చిందంటారు. ప్రష్యాలో పుట్టిన ఈ వస్తాదు 20వ శతాబ్దం మొదట్లో మన దేశానికి వచ్చి ఊరూరా కండల ప్రదర్శనలు ఇచ్చాడు. అంటే ఆ పేరులోనే దాచుకోవడం లేదు, చూపించుకోవడం ఉంది. మనవాళ్లు దాన్ని చొక్కా కింద పెట్టేశారు, అంతే.

నిజానికి పూర్తిగా పెట్టేయలేదు కూడా. కోవూరు దగ్గర నాట్ల కాలంలోనో, స్టోన్‌హౌస్‌పేట బియ్యం కొట్ల ముందు బస్తాలు దించే వేళలోనో ఒక్కసారి చూడండి. లుంగీ, బనీను, భుజాన టవలు. అది వీధిలో, అందరి మధ్య, పగటి పూట వేసుకునే పూర్తి వేషం. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. టవలు ఆ వేషంలో మూడో పొర, చెమటకీ ఎండకీ బరువుకీ పనికొచ్చే పొర. మన దగ్గర చేతుల్లేని బట్ట బయట వేయడం కొత్తకాదు. పనిచేసేవాడు వేస్తే సహజం, చదువుకున్న కుర్రాడు బజారుకి వేసుకెళ్తే మర్యాద తప్పడం అనే తేడా మాత్రమే ఉంది. అది బట్ట గురించిన అభ్యంతరం కాదు, ఎవరి బట్ట అన్న అభ్యంతరం. నాకు ఇది నచ్చదు, పైకి చెప్పాల్సిందే అనిపిస్తుంది.

మగవాడి ఒంటి మీద ఎంత బట్ట ఉండాలన్నది మన నేల మీద గతంలోనూ గట్టిగా ఆలోచించిన విషయమే. భైరవకోన గుహల ద్వారపాలకులకు పై వస్త్రం లేదు. ఇప్పటికీ గుళ్లో చొక్కా విప్పి కండువాతో నిలబడటం గౌరవమే. గాంధీ 1921 ఏప్రిల్‌లో నెల్లూరు దగ్గర పల్లిపాడులో పినాకినీ తీరాన సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. అదే ఏడాది సెప్టెంబరులో మదురైలో చొక్కా వదిలేసి కొల్లాయి కట్టారు. అది ఫ్యాషన్ కాదు, పేదవాడి పక్షాన నిలబడటం. ఆ రెండింటినీ నేను పోల్చడం లేదు. భుజాలు కనిపిస్తే మర్యాద పోతుందన్న నమ్మకం మాత్రం మనకు అనాదిగా వచ్చింది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

అయినా నాయన కంటికి ఏదో తేడాగా అనిపించడంలో న్యాయం ఉంది. అది గుడ్డలో ఉంటుంది. లోపలి బనీను పల్చటి రిబ్బుతో (నిలువు గీతలతో సాగే అల్లికతో), చెమట పీల్చడానికి తయారైంది. మెడ లోతు, భుజం పట్టీ సన్నం, చంక దగ్గర కోత పక్కటెముకల దాకా దిగుతుంది. దాన్ని రంగు మార్చి బయట వేసుకున్నా బనీనులాగే కనిపిస్తుంది. బయటి వెస్టుకు గుడ్డ మందంగా ఉండాలి. చేతిని లోపల పెట్టి వెలుతురుకి పట్టుకుంటే వేళ్లు కనిపించకూడదు. భుజం వెడల్పు కనీసం మూడు వేళ్లుండాలి. మెడకీ చంకకీ అంచు పట్టీ గట్టిగా, చదునుగా ఉండాలి. సాగి అలలు తిరిగిన అంచు ఉంటే ఎంత ఖరీదైనదైనా పాత బనీనే. అంతకీ మొహమాటంగా ఉంటే పైన గుండీలు వదిలేసిన హాఫ్ చేతుల చొక్కా వేసుకోవచ్చు. అప్పుడు చేతుల్లేని బట్ట లోపలి పొర అవుతుంది, రంగు మాత్రం బయటికి కనిపిస్తుంది. ఇంట్లో పెద్దలతో సర్దుబాటుకి ఇంతకన్నా మంచి దారి నాకు తెలీదు.

అమ్మ ప్రశ్న

మూడింటిలో బరువైన ప్రశ్న ఇదే. పొరల మీద పొరలు వేయడం చలి దేశాల పద్ధతి. మనకు మే నెల వడగాలులున్నాయి, సముద్రం పక్కన ఉండటంతో గాలిలో తేమ ఉంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. కందుకూరు, పొదిలి వైపు ఎండ మాడ్చేస్తుంది కానీ గాలి పొడిగా ఉన్నరోజు చెమట ఆరుతుంది. అదే నెల్లూరులో, కొత్తపట్నం తీరాన ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది. ఇలాంటి చోట రెండో పొర వేయడానికి కారణం వెచ్చదనం కాదు. జేబులు, రంగు, భుజాలకు ఒక నిలకడ, ఇవి మాత్రమే కారణాలు. చేతుల్లేని పొర ఇక్కడ నెగ్గుకొచ్చేది అందుకే. చంకలో బాగా చెమట పడుతుంది, దాన్ని అది తెరిచి ఉంచుతుంది.

కానీ మనం ఒక పొరను లెక్కలోకి తీసుకోవడమే మరిచిపోతాం. ఈ జిల్లాల్లో చాలామంది మగవాళ్లు మండే ఎండలో కూడా చొక్కా కింద బనీను వేస్తారు. చెమట పీల్చి చొక్కాను కాపాడుతుందని వేస్తారు, అది నిజమే. అంటే వెస్టు వేయకముందే రెండు పొరలున్నాయి. పైన లైనింగుతో కుట్టిన వెస్టు కోటు వేస్తే గుడ్డలు నాలుగు. పెళ్లి మండపంలో వరుడి మొహం ఎందుకు కారిపోతుందో ఇప్పుడు తెలుస్తుంది. ఆ నాలుగింటిలో అసలు దోషి లైనింగు. రెడీమేడ్ వెస్టు కోట్లలో ముందు వైపు గుడ్డ ఏదైనా, లోపలి పొరా వీపు భాగమూ ఎక్కువగా పాలిస్టరు శాటిన్‌తో చేస్తారు. మెరుస్తుంది, చొక్కా మీద జారుతుంది, చవక. కానీ చెమటను పీల్చదు, గాలిని ఆపుతుంది. సరిగ్గా వీపు మీద ఒక ప్లాస్టిక్ కవరు కట్టుకున్నట్టే.

కాబట్టి లెక్క ఇలా మార్చుకోవాలి. చొక్కా మీద వెస్టు వేసేరోజు బనీను మానేయండి. లేదా చొక్కానే మానేసి మంచి మందపాటి కాటన్ సాండో మీద గుండీలు విప్పిన వెస్టు వేయండి. ఏ దారిలోనైనా గుడ్డలు రెండుకి మించకూడదు. వెస్టుకు లైనింగు వద్దు. తీసేస్తే లోపలి కుట్లు కనిపిస్తాయి కాబట్టి వాటి మీద సన్నటి పట్టీ వేసి మూయమని టైలరుకు చెప్పాలి. లైనింగు లేకపోతే కాటన్ చొక్కా మీద కాటన్ వెస్టు పట్టుకుని పైకి ఎగబాకుతుంది. అందుకని భుజాల లోపల మాత్రం జానెడు పల్చటి కాటన్ గుడ్డ వేయిస్తే ఆ ఇబ్బంది తగ్గుతుంది. వీపు భాగానికి శాటిన్ బదులు ముందు వేసిన గుడ్డే వేయించాలి.

గుడ్డ విషయంలో మనం అదృష్టవంతులం. ఖాదీ భండారులో దొరికే మందపాటి ఖాదీ, లినెన్, కాస్త గట్టి నేత కాటన్ మూడూ ఈ పనికి వస్తాయి. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లినా నిన్నమొన్నటి దాకా ప్రకాశంలోనే ఉన్న చీరాల, నూనె పట్టించిన దారంతో నేసే తేలియా రుమాళ్లకు పేరుపడ్డ ఊరు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల ఆ చదరపు నమూనా పొట్టి వెస్టు మీద ఎంత బాగుంటుందో ఊహించుకోండి. పొట్టి వెస్టుకు గుడ్డ ఎక్కువ అక్కర్లేదు. మిగిలిపోయిన చేనేత ముక్కలతో, అమ్మ పక్కన పెట్టేసిన నూలు చీరతో కూడా కుట్టించుకోవచ్చు. పాటూరు నేత చీరల లాంటి పల్చటి గుడ్డ అయితే రెండు మడతలు వేసి కుట్టాలి.

కాలం కూడా చూసుకోవాలి. మనకు ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ తర్వాత సంక్రాంతి దాటేవరకూ పొద్దున్నా రాత్రీ హాయిగా ఉంటుంది. అల్లిన స్వెటర్ వెస్టుకి ఆ నెలలే, అదీ ఊలు కాకుండా కాటన్ దారంతో అల్లినది. ఇవి 1920ల్లో గోల్ఫ్ మైదానాల నుంచి జనంలోకి వచ్చిన చల్లటి దేశాల బట్టలు. కింద రిబ్బు అంచు ఉంటే నడిచేటప్పుడు అది ఒంటి మీద సన్నగా ఉన్న చోటికి ఎగబాకి అక్కడ కూర్చుంటుంది. నడుము సన్నగా ఉన్నవాళ్లకు పరవాలేదు. పొట్ట ఉన్నవాళ్లకు అది పొట్ట పైకెక్కి నిలుస్తుంది, వాళ్లు రిబ్బు లేని తిన్నటి అంచు ఎంచుకోవాలి. నింపుడు దూది ఉన్న ఉబ్బు వెస్టులు మాత్రం మన తీరంలో ఏ నెలలోనూ పనికిరావు. ఎంత తగ్గింపులో వచ్చినా కొనకండి.

టైలరు దగ్గర

నెల్లూరులోనో ఒంగోలులోనో సూట్లు కుట్టే కట్టింగ్ మాస్టరు ఎవరైనా పొట్టి వెస్టు కుట్టగలరు. అడగడం తెలియాలి. "పొట్టిగా కుట్టన్నా" అంటే ఆయన తనకు తోచిన రెండంగుళాలు తగ్గిస్తాడు. దానికి బదులు, ఆ వెస్టుతో ఏ ప్యాంటు వేస్తారో దాన్నే వేసుకుని వెళ్లండి. పంచె మీదికైతే పంచె కట్టుకునే వెళ్లండి. భుజం మీద మెడ పక్క నుంచి ప్యాంటు పట్టీ మధ్య వరకూ టేపు పెట్టించండి. ఆ కొలతే పొడవు. మామూలు ఎత్తువాళ్లకు ఇది ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు అంగుళాల మధ్య వస్తుంది. మామూలు టీషర్టు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఉంటుంది కాబట్టి తేడా ఎంతో ఊహించుకోవచ్చు.

పొడవు కన్నా ఎక్కువ చెడేది చంక దగ్గర. చంక కోత కిందికి దిగితే వెస్టు పక్క నుంచి చొక్కా గుడ్డ గుత్తిగా బయటికి తోసుకొస్తుంది. కోత పైకి ఉండాలి, చంకకూ అంచుకూ మధ్య ఒక వేలు దూరితే చాలు. లోపల చొక్కా చేతులు ఉంటాయి కదా, అందుకని కింద కాకుండా ముందు వైపు కాస్త ఎక్కువ తవ్వమని చెప్పాలి. మన కదలికంతా ముందుకే ఉంటుంది. భుజం వెడల్పు భుజం ఎముకకు అర అంగుళం లోపలే ఆగాలి, దాటితే చేతులు తీసేసిన కోటులా ఉంటుంది. వీపు మీద రెండు డాట్లు (గుడ్డను కోణంగా మడిచి వేసే కుట్లు) వేయిస్తే నడుము దగ్గర గుడ్డ గుడారంలా లేవదు. ముందు వైపు బక్రం, అంటే బిగువు కోసం లోపల వేసే గుడ్డ, అడిగితే పల్చటిది వేయమనండి, గట్టి బక్రం ఎండలో అట్టలా ఉంటుంది.

ట్రయల్ వేసుకున్నప్పుడు అద్దం ముందు నిలబడి వచ్చేయకండి. మన జీవితం సగం బండి మీదే గడుస్తుంది. షాపు ముందు బండెక్కి హ్యాండిల్ పట్టుకుని కాస్త ముందుకు వంగి చూడండి. వీపు అంచు పైకి లేచి చొక్కా బయటికొస్తే వెనక భాగం ముక్కాలు అంగుళం పెంచమనాలి. ముందు మాత్రం పెంచకూడదు. పొట్ట ఉన్నవాళ్లకు సరిగ్గా దీనికి వ్యతిరేకం. పొట్ట గుడ్డను తినేస్తుంది కాబట్టి ముందు వైపే అంగుళం ఎక్కువ కావాలి, కింద గుండీ పెట్టుకోకుండా వదిలేయాలి. ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డు కింది గుండీ వదిలేయడం చూసి అందరూ అదే పద్ధతి పట్టారని చెబుతారు. కారణం ఏదైనా, కూర్చున్నప్పుడు ఒళ్లు సుఖపడుతుంది.

డబ్బు పెట్టకుండా ముందు చూసుకోవాలంటే పాత టీషర్టు ఉంది. ఒకసారి వేడినీళ్లలో ఉతికి ఆరేశాకే కత్తెర పెట్టండి, లేకపోతే కోసిన తర్వాత ఇంకా కుంచించుకుపోతుంది. ప్యాంటు పట్టీ దగ్గర సుద్దతో గీత గీసి, దానికి రెండంగుళాలు కిందే కోయాలి. పల్చటి బనీను గుడ్డ కోసిన అంచు పైకి, బయటి వైపుకి చుట్టుకుంటుంది, ఆ రెండంగుళాల్లో చాలా భాగం దానికే పోతుంది. చేతులు తీసేటప్పుడు కుట్టును విప్పకుండా, కుట్టుకు బయటి వైపు కత్తిరిస్తే చంక అంచు సాగదు. ఓ వారం అది వేసుకుని తిరిగితే మీ ఒంటికి ఏ పొడవు సరిపోతుందో తెలుస్తుంది, అప్పుడు టైలరు దగ్గరికి వెళ్లొచ్చు.

వెళ్లినప్పుడు ఇంకొక్కటి అడగండి. అంచు లోపల రెండంగుళాల గుడ్డ కోసేయకుండా మడిచి కుట్టమనండి. ఈ పైకెక్కిన ప్యాంటు ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ కిందికి దిగుతుంది, అప్పుడు కుట్టు విప్పి వెస్టును కూడా దింపుకోవచ్చు.